గుమ్మి నిండుకున్న ఏడు

“పనికొచ్చిన మనిషిని మన చేన్లకెల్లి ఉత్త కడుపుతోని ఎన్నడన్న పంపిన్నా? నువ్వు ఈ ఇంటికొచ్చినంక ఒక్కనాడన్న చూసినవా?” అని బాపమ్మ అడిగింది.

“చూడలే అత్తా. గని రేపు తప్పితే పదును ఆగుతదా? నల్లరేగడి ఎండిందంటే రాయే. గొర్రు దిగుతదా?” అంది అవ్వ.

“మల్ల మన వంతు రాకపోతదా?”

“వచ్చేటాలకు నేల పగుల్లు తేలుతది. అప్పుడేం పోస్తవ్ సాళ్లల్ల? మన్ను పోస్తవా?”

“అయితే ఏం చేద్దామంటవే? విత్తనాల జొన్నలు వండి పెడ్తవా?”

“గా మాట నేనన్ననా? ఉన్నది ఉన్నట్టు చెప్పుదామంటున్న. మా ఇంట్ల జొన్నలు లెవ్వు, ఎవ్వల సద్ది వాళ్లు తెచ్చుకోర్రి అంటే నెత్తిన పిడుగు పడ్తదా?”

“లెవ్వు” అన్న మాట చెవిన పడగానే బాపమ్మ రెండు చెవులూ మూసుకుంది. “నోరు పుక్కిలించుకో పో! దీపం పెట్టే ఇంట్ల గసొంటి మాటలా?” అంది. అవ్వ కదలలేదు, నోరూ పుక్కిలించుకోలేదు. నేను తలుపు పక్కన కూర్చుని వేయించిన చింతగింజల పొట్టు తీస్తున్నాను. తలెత్తకుండా తీస్తున్నాను. ఆ ఇద్దరిలో ఎవరి కంట పడినా కోపం నా వీపు మీదికి మళ్లుతుందని నాకు బాగా తెలుసు.

బాపమ్మ అంటే మా నాన్నను, అంటే బాపును కన్నతల్లి. అవ్వ అంటే మా అమ్మ. మాది ఇచ్చోడ దిక్కు ఊరు. సొంత చేను, పేరున్న ఇల్లు. కానీ ఆ ఏడు పేరు తప్ప ఇంట్లో ఏమీ మిగలలేదు. అంతకు ముందు ఏడు పంట రాలేదు. ఆ ఏడు తొలి వానకు విత్తిన జొన్న మొలిచి, ఎండి, మట్టిలో కలిసిపోయింది. బాపు బండీ ఎద్దులూ తీసుకొని వెదురు తోలడానికి కాగజ్‌నగర్ దిక్కు పోయాడు. పోయినవాడి కబురు లేదు. తర్వాత క్షేమంగానే తిరిగి వచ్చాడు గానీ అప్పటికి మాకా సంగతి తెలియదు. అలాంటప్పుడు మళ్లీ ఒక వాన పడింది. నల్లరేగడిలో వాన పడ్డాక విత్తనానికి సరిపడా తడి నిలిచేది కొద్ది రోజులే. దాన్నే పదును అంటారు. ఆ కొద్ది రోజుల్లో అందరి చేన్లూ విత్తుకోవాలి. కూలీలను పెట్టుకునే తాహతు ఎవరికీ లేదు కాబట్టి వాడకట్టు అంతా బదులు పని చేసేవాళ్లు. ఇవాళ మీ చేనుకు మేము, రేపు మా చేనుకు మీరు. కూలి ఇచ్చేది లేదు, తీసుకునేది లేదు. ఒకటే కట్టుబాటు. ఎవరి చేనో వాళ్లు అందరికీ తిండి పెట్టాలి. అప్పటిదాకా వంతు వచ్చిన చేన్లన్నిట్లోనూ అవ్వ విత్తి వచ్చింది. మర్నాడు మా వంతు. వంతు తప్పితే పదును పోతుంది, పదును పోతే ఇంకో ఏడు ఇంట్లోకి గింజ రాదు. వంతు నిలబెట్టుకోవాలంటే తిండి పెట్టాలి. అదీ వాళ్ల కొట్లాట.

ఇన్నేళ్ల తర్వాత ఇది ఎందుకు గుర్తుకొచ్చిందో చెప్తాను. ఇప్పుడు నేను కొండగట్టుకు దగ్గరి ఊళ్లో, కోడలు రజిత దగ్గర ఉంటున్నాను. నేను చదివింది రెండో తరగతి. ఆ అక్షరాలు పోకుండా కాపాడుకున్నాను కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. పోయిన వారం నా మనవరాలు సింధు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది. నేను డబ్బాలో బియ్యం చూసి, “సిందూ, బియ్యం నిండుకున్నయని మీ అమ్మకు చెప్పు” అన్నాను. ఆ పిల్ల డబ్బా మూత తీసి చూసి, “నానమ్మా, నీకు కండ్లు కనిపిస్తలెవ్వా? ఖాళీ ఉంటే నిండినయంటవేంది?” అంది. నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వడం ఎన్నడూ చూడని ఆ పిల్ల భయపడి నీళ్లు తెచ్చింది. లోపలి నుంచి రజిత మాత్రం నవ్వలేదు. “జర మెల్లగ మాట్లాడుర్రి అత్తమ్మా, పక్కింటోళ్లు ఇంటరు” అంది. నా కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. వాడు పనిచేసే కంపెనీ మూతబడింది. వాడు క్యాంపులో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు. ఫోన్ మోగితే రజిత ముఖం తుడుచుకొని, గొంతు సవరించుకొని, “ఆఁ వదినా, అందరం మంచిగున్నం” అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా బాపమ్మ పొయ్యి కనబడుతుంది.

ఆ పొయ్యి సంగతి చెప్పాలి. మా ఇంట్లో వెదురు బద్దలతో అల్లి, పేడా మట్టీ కలిపి అలికిన, గింజలు పోసుకునే పెద్ద గుమ్మి ఉండేది. మనిషికంటే ఎత్తు. పంట వచ్చిన కొత్తలో దాని పక్క నుంచి నడిస్తే పచ్చి పేడ వాసన, దాని వెనక వేపాకు చేదు వాసన, ఇంకా వెనక జొన్నల తియ్యటి ధూళి వాసన వచ్చేవి. నేను పడుకునేది దాని పక్కనే. గుమ్మి నిండుగా ఉంటే గోడ చల్లగా, బరువుగా ఉండేది, వీపు ఆనిస్తే నిద్ర పట్టేది. ఆ ఏడు వీపు ఆనిస్తే లోపలికి వంగేది. అయినా బాపమ్మ ప్రతి శుక్రవారం దాన్ని అలికి బొట్లు పెట్టేది. గుమ్మిలో గింజలు అయిపోయాయని ఎవరూ అనకూడదు. ఇంటి లక్ష్మి వింటుంది, మనం లేవు అంటే సరే లేనట్టే అనుకొని వెళ్లిపోతుందని ఆమె నమ్మకం. అందుకే నిండుకుంది అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. గాజులు పగిలినా పెరిగినయ్ అనాలి. అన్నం ముందు కూర్చుని చాలు అనొచ్చు గానీ వద్దు అనకూడదు. చిన్నప్పటి నుంచి ఈ మాటలు వింటూ పెరిగిన మాకు వాటిలో తిరకాసు కనిపించేది కాదు.

పూట పూటకూ పొయ్యి మాత్రం వెలగాల్సిందే. వండేది ఉన్నా లేకపోయినా బాపమ్మ పిడకలు పేర్చి రాజేసి, కాగులో నీళ్లు పోసి ఎసరు పెట్టేది. కప్పు మీద నుంచి పొగ లేవాలి. పొగ లేవకపోతే వాడకట్టు ఏమనుకుంటుంది? ఎసరు కాగేది, నీళ్లు ఇగిరేవి, ఆమె మళ్లీ పోసేది. అందులో కొన్నిసార్లు తుమ్మికూర పడేది, కొన్నిసార్లు నేను పొట్టు తీసిన చింతగింజలు పడేవి, కొన్నిసార్లు ఏమీ పడేది కాదు. మాకు పెట్టాక తను తినాల్సి వచ్చేసరికి ఆమెకు ఉపవాసం గుర్తొచ్చేది. మామూలు రోజుల్లో మా బాపమ్మకు శనివారం ఒక్కటే ఒక్కపొద్దు, అదీ కొండగట్టు అంజన్నకు మొక్కిన మొక్కు. ఆ ఏడు సోమవారం శివుడు వచ్చాడు, గురువారం ఇంకెవరో వచ్చాడు, మంగళవారం ఊరి పోశమ్మ వచ్చింది. మా బాపమ్మకు అంతమంది దేవుళ్లు ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. “నీ దేవుండ్లకు జర చెప్పు అత్తా, వారంల ఒక దినమన్న నిన్ను ఇడిచిపెట్టమని” అని అవ్వ పక్కకు తిరిగి అనేది. ఆ మాటలో వెటకారం ఉండేది. కానీ తన వాటాలో సగం బాపమ్మ గిన్నెలోకి జారవిడిచేది కూడా అవ్వే. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు.

మళ్లీ ఆ కొట్లాట దగ్గరికి వస్తాను. చివరికి బాపమ్మ మాటే నెగ్గింది. ఆమె నన్ను పిలిచి, “పోరీ, పోయి గంగుబాయికి చెప్పు. రేపు మా చేను వద్దంట, వెనక చూస్తరంట అని. ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడితే నాలిక కోస్త” అంది. గంగుబాయి మా పక్కింటావిడ. విత్తనం వేసే గొర్రూ ఎద్దులూ వాళ్లవే కాబట్టి ఎవరి చేను ఎప్పుడు అనేది ఆమె ఇంట్లోనే చెప్పుకునేవాళ్లు. నేను చేతులు దులుపుకొని బయలుదేరాను. కొట్టం దాటుతుంటే అవ్వ వెనక నుంచి జబ్బ పట్టుకుంది. చుట్టూ చూసి, చెవి దగ్గర, “గుమ్మి నిండుకుందని సుత చెప్పు బిడ్డా. గందుకే వద్దంటున్నరని చెప్పు” అంది. లేదు అన్న మాట మా అవ్వ అత్తతో కొట్లాడుతూ అనగలిగింది గానీ, పక్కింటికి పంపేటప్పుడు ఆమె నోటికి కూడా ఆ పాత మాటే వచ్చింది.

గంగుబాయిది పెన్‌గంగ అవతలి పుట్టిల్లు. మరాఠీ మాట్లాడే ఇంట్లో పుట్టి, ఇక్కడికి కోడలిగా వచ్చాక తెలుగు నేర్చుకుంది. నేర్చుకున్నంత మేరకు గట్టిగా, తడబడకుండా మాట్లాడేది. మా బాపమ్మను మావ్‌శీ అనేది, అంటే చిన్నమ్మ అని. నేను పోయేసరికి గడప మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. “రేపు మా చేను వద్దంట. వెనక చూస్తరంట. మా గుమ్మి నిండుకుందంట, గందుకే” అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. గంగుబాయి చేతిలో దువ్వెన ఆగిపోయింది. “కాయ్? ఏమన్నవ్? గుమ్మి నిండిందా?” అంది. “నిండుకుంది” అన్నాను. “అరే దేవా! మీ బాపు వచ్చిండా? జొన్నలు తెచ్చిండా? చాంగ్లం ఝాలం! మస్తు మంచిగైంది!” అని నన్ను దగ్గరికి లాక్కుని తల మీద ముద్దు పెట్టుకుంది. బాపు రాలేదని చెప్దామని నోరు తెరిచాను. కానీ ఎక్కువ మాట్లాడితే నాలుక కోస్తానన్నది గుర్తొచ్చి మూసుకున్నాను. ఆమె సంతోషం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆమెకు అర్థమైంది మాత్రం ఇది. మా గుమ్మి నిండా జొన్నలున్నాయి, కాబట్టి విత్తుకునే తొందర మాకు లేదు.

మాపటి పొద్దుకు మా అరుగు ముందు వాడకట్టు ఆడవాళ్లు చేరారు. బాపమ్మ విత్తనాల జొన్నలను చాటలో పోసి, పురుగు పట్టకుండా కలిపిన బూడిద చెరుగుతోంది. ఎదురింటి లచ్చవ్వ కొంగులో ఏదో దాచుకొని ముందుకు వచ్చింది. నిలబడింది, కూర్చుంది, మళ్లీ నిలబడింది. “పెద్దవ్వా, తమ్ముడు పైలంగ వచ్చిండంట గద” అంది. బాపమ్మ చాట కింద పెట్టింది. “ఏ తమ్ముడే?” “గదే, నీ కొడుకు. గుమ్మి నిండిందంట. గంగుబాయి చెప్పింది.” కొంగు కింది నుంచి సేరు గిన్నె బయటికి తీసింది. “పోరగాండ్లు నిన్నటి సంది చింతచిగురు తింటున్నరు. గీ గిన్నెడు బదులియ్యి. పంటకు మల్ల ఇస్త.” ఆమె వెనక నిలబడ్డ ఆడవాళ్ల కొంగులు కూడా అలాగే ఉబ్బి ఉన్నాయి. ప్రతి కొంగు కిందా ఒక గిన్నె ఉంది.

బాపమ్మ గంగుబాయి వైపు చూసింది. గంగుబాయి నవ్వుతూ నా వైపు చూపించింది. బాపమ్మ నా వైపు చూసింది. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ గడపలో నిలబడి ఉంది, తల దించుకోలేదు. ఆ కాసేపు మా బాపమ్మ ముఖం నేను మరిచిపోను. గింజలు ఇవ్వను అంటే నిండు గుమ్మి పెట్టుకొని పసిపిల్లల నోటికి ఇవ్వని ఇల్లాలు అవుతుంది. లేవు అంటే పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అనని మాట అనాలి. ఆమె ఆ రెండూ అనలేదు. లేచి, లచ్చవ్వ చెయ్యి పట్టుకొని గుమ్మి దగ్గరికి తీసుకుపోయింది. మిగతా వాళ్లూ వెనకే వెళ్లారు. బాపమ్మ అరచేత్తో గుమ్మిని గట్టిగా కొట్టింది. అది డప్పులా మోగింది. “ఇన్నవా బిడ్డా? నిండుకున్న గుమ్మి గిట్ల మోగుతది” అంది.

గంగుబాయి తనే ముందుకు వచ్చి ఇంకోసారి కొట్టి చూసింది. “అంటే... ఖాళీనా మావ్‌శీ?” “ఖాళీనే.” “మరి నిండింది అని చెప్పి పంపుతరేంది? గిదేం భాష దేవా! ఉన్నా నిండిందే, లేకున్నా నిండిందే!” అని నెత్తి పట్టుకుంది. ముందు నవ్వింది లచ్చవ్వే. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వి నవ్వి గుమ్మికి ఆనుకొని కూలబడింది, చూస్తే ఏడుస్తోంది. “పెద్దవ్వా, మీ ఇంట్ల రోజూ పొగ లేస్తుంటే మీకేం ఫికర్ లేదనుకున్న. మా పొయ్యి సల్లగుంటే నువ్వేమనుకుంటవో అని నేను సుత ఉత్తనీళ్లు కాగబెడ్తున్న” అంది. “నేను సుత” అని వెనక నుంచి ఒకావిడ. గంగుబాయి తల ఊపింది. అంటే వాడకట్టులో ఏ కప్పు మీద చూసినా పొగ, ఏ పొయ్యి మీద చూసినా ఎసరు. ఒకరి పొగను చూసి ఒకరు సిగ్గుపడి, పిడకలన్నీ తగలేసుకున్నాం. బాపమ్మ పీట మీద కూర్చుండిపోయింది. “పిడకలు సుత దండుగ చేస్తిరి గదనే” అంది. తిట్టినట్టే అంది, కానీ ఆ గొంతు తిట్టే గొంతు కాదు.

అప్పుడు అవ్వ గడపలో నుంచి లోపలికి వచ్చింది. “ఎవ్వలింట్ల ఏముంటే అది పట్టుకొని పొద్దుగాల గీడికే రాండ్రి. గుప్పెడైనా సరే, ఆకైనా సరే. ఒక్క పొయ్యి మీద ఉడకబెట్టుకొని తిని చేనుకు పోదాం. రేపు మాది, ఎల్లుండి లచ్చవ్వది. ఏమంటవ్ అత్తా?” అని అడిగింది. అందరూ బాపమ్మ వైపు చూశారు. ఆమె లేచి పోయి పెళ్లిళ్లకు వాడే పెద్ద కాగును అటక మీది నుంచి దింపమంది.

ఆ కాలంలో అందరూ మంచివాళ్లే అని నేను రాయను. వాడకట్టు చివరింటి వాళ్ల దగ్గర గింజలు ఉన్నాయని అందరికీ తెలుసు. వాళ్లు రాలేదు, పంపలేదు, తర్వాత ఎన్నడూ దాని మాట ఎత్తలేదు. ఇప్పటివాళ్లకు ధైర్యం లేదని కూడా అనను. మా రజితకు నాకంటే ఎక్కువే ఉంది. పొద్దంతా మిషన్ కుడుతుంది, పసుపు చేను చూసుకుంటుంది, ఫోన్‌లో మొగుడికి ధైర్యం చెప్తుంది, పిల్ల ముందు కన్నీళ్లు పెట్టదు. నేను మాత్రం ఏం తక్కువ? నూనె ప్యాకెట్టు కత్తిరించాక గిన్నె మీద బోర్లించి పెడతాను, ఎవరూ లేని గదిలో లైటు వెలిగితే సింధు మీద అరుస్తాను. ఇంటి లోపల గట్టిగా ఉండటం మా ఆడవాళ్లకు ఒకరు నేర్పాల్సింది కాదు. కష్టమంతా గడప దాటే దగ్గరే. మా రోజుల్లో గోడలు పొట్టిగా ఉండేవి, పిల్లలు ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి మోసేవాళ్లు, దాచుకున్న సంగతి నాలుగు పూటలు నిలిచేది కాదు. ఇప్పుడు ఇంటింటికీ గేటు ఉంది. గ్యాసు పొయ్యికి పొగ రాదు. ఎవరింట్లో ఏం ఉడుకుతుందో, ఏం ఉడకడం లేదో బయటికి తెలిసే దారి లేదు. మా వీధిలో నా కొడుకు పోయిన దేశానికే పోయినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ఆడవాళ్లూ ఫోన్‌లో అందరం మంచిగున్నం అనే అంటున్నారు. అందరూ నిజంగా మంచిగానే ఉంటే మంచిదే. నేను ఇదంతా రజితకు చెప్పాను. ఆమె బట్ట కుడుతూ విన్నది. మిషన్ ఒకచోట ఆగింది, మళ్లీ నడిచింది. నేను రెట్టించలేదు. మా బాపమ్మంతటి మనిషికి ఆ మాట నోటికి రావడానికి ఎంత కష్టమైందో చూసినదాన్ని.

మర్నాడు తెల్లవారేసరికి గంగుబాయి వచ్చింది. వాళ్లాయన ఎద్దులనూ గొర్రునూ తోలుకొని వెనకే వచ్చాడు. గంగుబాయి కొంగులో సామలు ఉన్నాయి. లచ్చవ్వ మక్కపిండి తెచ్చింది. ఒకావిడ ఎండబెట్టిన ఇప్పపువ్వు తెచ్చింది, ఒకావిడ ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చింది, ఏమీ లేని ఒకావిడ కట్టెలమోపు తెచ్చి దించింది. అవ్వ అన్నీ ఒకటే కాగులో పోసి కలిపింది. సామలు ముందే ఉడికిపోయాయి, పిండి ఉండలు కట్టింది, అడుగు మాడింది. రుచిగా ఉందని ఎవరూ అనలేదు. మోదుగాకుల్లో పెట్టుకొని వేడి వేడిగా తిన్నారు. పిల్లలకు రెండోసారి కూడా వచ్చింది. తిన్న ఆకులు పారేసి అందరూ చేనుకు నడిచారు. నేల ఇంకా తడిగానే ఉంది, కాలు వేస్తే మట్టి అంటుకుంది. గంగుబాయి భర్త గొర్రు దింపాడు. అవ్వ ఒడిలో జొన్నలు పోసుకొని వెనక నిలబడింది. గట్టు మీద నుంచి బాపమ్మ, “ఇంక చూస్తరేంది? కానియ్యుర్రి” అంది. ఎద్దులు కదిలాయి.